వాగు దాటిన శామ్యూల్

శామ్యూల్ అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ తోలడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళు. నాగపూరు, ఇండోరు, ఒక్కోసారి ఢిల్లీ దాకా. ఇంటికొచ్చిన రోజు కాళ్ళయినా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో కూర్చుని, దారి సంగతులన్నీ భార్య సత్తెమ్మకి చెప్పేవాడు. ఆవిడ చేపలు తోముతూనో బియ్యం ఏరుతూనో వినేది. రాజమండ్రి దాటి ఎరగని మనిషి. అయినా ఏ ఘాట్ రోడ్డులో ఎన్ని మలుపులున్నాయో చెప్పేయగలదు.

ఆవిడ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నది వాగు కథ. పదేళ్ళ కిందట బస్తరు అడవిలో వాగుకి అడ్డంగా వేసిన చప్టా రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. లారీలన్నీ ఆగిపోయాయి. శామ్యూల్ మాత్రం, గోదారి వరద చూస్తూ పెరిగినవాళ్ళం, మనకిదొక లెక్కా అని దింపేశాడు. గోదావరి ముందుగా కబురు పెట్టి వస్తుంది. కొండవాగుకి ఆ మర్యాద తెలియదు. సగం దాటేసరికి నీళ్ళు క్యాబిన్ తలుపుకి కొట్టాయి. లోడు మీదకెక్కి రెండు రోజులు కొబ్బరికాయలు తిని బతికాడు. అది చెబుతుంటే ఎప్పుడూ చేతులు వణికేవి.

"గోదారోళ్ళ పరువు తీసేరు కదండీ," అని నవ్వేది సత్తెమ్మ. నవ్వాక కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది.

మొన్న వానలు మొదలైన వారంలో ఆవిడ పోయింది. మూడు రోజుల జ్వరం. పదిహేనో రోజున శామ్యూల్ లోడు ఎత్తించుకుని బయల్దేరాడు. ఇంట్లో ఉండి చేసేదేమీ కనబడలేదు. తోడు సత్తెమ్మ తమ్ముడు చిన్నబ్బాయి వచ్చాడు. పేరుకే చిన్నబ్బాయి, యాభై దాటినవాడు.

అదే చప్టా. అంతే నీళ్ళు. లారీలు వరసగా ఆగి ఉన్నాయి. దిగి టీ తాగుదామని చిన్నబ్బాయి తలుపు మీద చెయ్యి వేసేలోగా శామ్యూల్ గేరు మార్చి నీళ్ళలోకి దింపాడు. చిన్నబ్బాయి ఆపమని అరుస్తూనే ఉన్నాడు. నీళ్ళు బంపరు దాటాయి. వెనక చక్రాలు ఒకసారి పక్కకి జరిగాయి. వేరెవరో తోలుతుంటే చూస్తున్నట్టు కూర్చున్నాడు శామ్యూల్. లారీ ఒడ్డెక్కింది.

చిన్నబ్బాయి దిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"మా అక్క దగ్గరికి పోదామనుకున్నావేంటి బావా?"

"లేదురా. ఏమీ అనుకోలేదు."

నిజమే చెప్పాడు. చేతులు చూసుకున్నాడు. కదలకుండా ఉన్నాయి. వాగులో దిగినప్పుడు కూడా అలాగే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగి వచ్చాక పక్కింటి కృపమ్మ గారు దారెలా ఉందని అడిగారు. బాగానే ఉందన్నాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే యార్డుకి వెళ్ళి లారీ తాళాలు ఓనరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి బల్ల మీద పెట్టాడు. ఆయన కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని రమ్మన్నారు. రానని చెప్పి, వాగు సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు.

"భయం రావట్లేదండి."

"మంచిదే కదయ్యా."

"స్టీరింగు పట్టుకునేవాడికి కాదండి. పక్కన చిన్నబ్బాయున్నాడు. ఆడికి పిల్లలున్నారు. ఆ మాట వాగు దాటేక గానీ నాకు గుర్తు రాలేదండి."

ఆయన తాళాలు సొరుగులో వేశారు.

బయటికొచ్చేసరికి యార్డులో ఒక లారీ అతని వైపే వెనక్కి వస్తోంది. హారన్ మోగింది. శామ్యూల్ కొంచెం ఆలస్యంగా పక్కకి తప్పుకున్నాడు.