బోర్డు మీద కాటుక

మా హాస్టల్ వార్డెనమ్మ పోయారని మొన్న పొద్దున అక్కడి వంటమ్మ ఫోన్ చేసింది. "నిద్దట్లోనే పోయిందమ్మే, ఎవుర్నీ పిలవలా" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నన్నెవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంది. కొళాయి కట్టేసి వింటాను. ఎవరూ ఉండరు.

ఆమెది కోవూరు. అల్లూరులో మా ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్. గేటు మీద బోర్డు ఇంగ్లీషులో ఉండేది. ‘గర్ల్స్’ అన్న మాట చివర, పైన, కామా లాంటి చిన్న గుర్తు ఉండి తీరాలని ఆమె పట్టు. సంస్థల పేర్లలో ఇలాంటి అపాస్ట్రఫీలు వద్దని ఆఫీసువాళ్ల మాట. రంగులేసినప్పుడల్లా పెయింటరు దాన్ని వదిలేసేవాడు. ఆమె స్టూలెక్కి, "ఎవురి దగ్గరుండాది మే కాటిక?" అని అరిచేవారు. తను కాటుక పెట్టుకునేవారు కాదు. నాది తీసుకోండంటే నాదని మేం కొట్టుకునేవాళ్లం. వేలితో ఆ గుర్తు దిద్ది, కళ్లు చికిలించి చూసుకుని దిగేవారు. దిష్టిచుక్కేమో అనుకున్నాం. వానొస్తే కారిపోయేది. మళ్లీ స్టూలు, మళ్లీ అరుపు.

ఎవరైనా "మీ హాస్టల్" అంటే ఒప్పుకునేవారు కాదు. "నాదేంది? నేను కాపలాదాన్ని" అనేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా మా నాయన మైపాడు నుంచి వచ్చాడు. చేపల వేట సాగడం లేదు, ఇల్లు గడవడం లేదు, నన్ను రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పెడతానన్నాడు. నా ట్రంకుపెట్టె అప్పటికే ఆటోలో ఉంది. వార్డెనమ్మ అడ్డం రాలేదు. వేలెత్తి బోర్డు చూపించారు.

"నన్నడగబాక నాయనా. ఆ చుక్క జూసినావా? అదుంటే ఈ ఇల్లు ఆడబిడ్డలదని అర్థం. గవర్నమెంటుది గాదు, నాది గాదు. ఇంటామె ఆడుండాది, ఆమెనడుగు."

ఇంటామె అంటే నేను! రెండు జడలేసుకుని, ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్న నేను. మా నాయన నా వైపు తిరిగాడు. అంతవరకు ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగడు.

"వస్తావామ్మా?"

"రాను నాయనా."

పెట్టె దించేసి వెళ్లిపోయాడు. ఆయన వీపు కనబడినంతసేపూ గేటు పట్టుకుని నిలబడ్డాను. అయినా ఆ మాట అననిచ్చిన తల్లి ఋణం నేను తీర్చలేను. ఇవాళ టీచర్నయి బతుకుతున్నానంటే ఆమె చలవే.

అంత్యక్రియలయ్యాక హాస్టల్ చూద్దామని వెళ్లాను. ఆమె మంచాన పడ్డాక కొత్త స్టీలు బోర్డు బిగించారట. అక్షరాలు తళతళలాడుతున్నాయి. ఆ గుర్తు మాత్రం లేదు. గేటు ముందు ఆటో ఆగి ఉంది. ఒకాయన ట్రంకుపెట్టె ఎక్కిస్తున్నాడు. పక్కన ఒక పిల్ల ఏడుస్తోంది.

"షెడ్డుకంటమ్మే. అడ్డం చెప్పేదానికి ఎవురుండారు ఇంక?" అంది వంటమ్మ.

వరండాలో ఆ పాత స్టూలు అలాగే ఉంది. తెచ్చుకుని ఎక్కాను. పొద్దుట్నుంచి ఏడ్చిన కళ్లు. కంటికొసన వేలు పెట్టి కాటుక తీసి, బోర్డు మీద ఆ గుర్తు దిద్దాను.

"ఎవుర్నడిగి తీసకపోతుండావు నాయనా? ఇంటామె ఆడుండాది, ఆమెనడుగు!"

నేను ఆ యాసలో మాట్లాడి ఏళ్లయింది. ఆ గొంతు నాది కాదు. వంటమ్మ ఉలిక్కిపడి నా వెనకాల ఎవరున్నారా అని చూసింది. పెట్టె పట్టుకున్న ఆయన మెల్లగా కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల బోర్డు వైపే చూస్తోంది. తడి కాటుక స్టీలు మీద నిలవక కిందికి జారుతోంది.