మాజీ మంత్రిగారి కిటికీ తెర

కరోనా భయం సద్దుమణిగాక నాకు దొరికిన పని, సెర్బియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ను చూసుకోవడం. పక్షవాతం వచ్చి ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచేవారు. దుబాయ్‌లో కూతురి ఫ్లాటులో ఉండేవారు. నాది కడప జిల్లా, నర్సును. కరామాలో ఆడవాళ్ళం కొందరం ఒకే గదిలో బెడ్‌స్పేస్ అని తలా ఒక మంచం అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. పొద్దున మెట్రోలో వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. ఆయన నన్ను సిస్టర్ అనేవారు, నేను ఆయన్ను సార్ అనేదాన్ని. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే కాబట్టి ఒకరి తప్పులు ఒకరు పట్టేవాళ్ళం కాదు.

మా మొదటి గొడవ కిటికీ తెర దగ్గర. ఆయనది పడమటి గది. మధ్యాహ్నం దాటిందంటే మంచం నిండా ఎండ. తెర లాగబోతే "వద్దు" అనేవారు. "మొహం కమిలిపోతోంది సార్" అంటే "కమలనీ" అనేవారు. ఒక పక్క ఏసీ నడుస్తుంటే ఇంకో పక్క ఈయన చెమటలు కక్కుతుండేవారు. యా అల్లా, ఎక్కడి మొండిమనిషిని తగిలించావు నాకు అని విసుక్కునేదాన్ని.

కాలికి వ్యాయామం చేయించేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండాలని తన కథ చెప్పేవారు. ఒకప్పుడు యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పేవారట. "అంటే పిల్లలకు ఏం నేర్పిస్తారు సార్?" అని అడిగాను. "పై కుర్చీలో ఉన్నవాడు చెప్పింది నమ్మే ముందు ఎందుకని అడగమంటాను" అన్నారు. అది పైవాళ్ళకు నచ్చలేదు, ఉద్యోగం పీకేశారు. మా మాస్టారు మాకు కావాలని శిష్యులు వానలో గేటు ముందు నిలబడ్డారు. అయినా ఉద్యోగం తిరిగి రాలేదు. ఏళ్ళ తరబడి ఆ శిష్యుల ఇళ్ళలో, వంటగది బల్లల దగ్గర పాఠాలు చెప్పుకుంటూ బతికారు. తర్వాత రోజులు మారాయి. ఆయన ఒక పార్టీలో చేరి ఎన్నికల్లో నిలబడితే ఆ శిష్యులే గడప గడపా తిరిగి గెలిపించారు. చివరికి మంత్రి కూడా అయ్యారు. కథ ప్రతిసారీ అక్కడికొచ్చి ఆగిపోయేది.

నా నోరు ఊరుకుంటుందా? మా బిల్డింగు కింద వీసా కాగితాలు నింపిచ్చే టైపింగ్ సెంటర్ నడిపే నెల్లూరాయన దగ్గర గొప్పలు పోయాను, నా పేషెంటు ఎవరనుకున్నారు, మాజీ మంత్రి అని. ఆ నెల్లూరాయనే ఇక్కడి తెలుగు సంఘం అధ్యక్షుడు.

"ఏందీ, మినిస్టరా! ఇన్నాళ్ళూ చెప్పకుండా ఉండావా మా? సన్మానం చేసేద్దాం" అన్నాడు.

మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. చేతిలో శాలువా ఉంటే చాలు, మెడ కోసం వెతుక్కుంటారు.

వెళ్ళి చెబితే సార్ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి, "నన్ను ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారా?" అని అడిగారు. అప్పుడు చెప్పారు మిగతా కథ. ఆయన మంత్రిగా ఉండగా విద్యార్థులు మళ్ళీ వీధిలోకి వచ్చారు. సరిగ్గా ఆయన ఆఫీసు కిటికీ కిందే పోలీసులు వాళ్ళను కొట్టారు. కింద నుంచి ఒక పిల్ల పైకి చూసి "మాస్టారూ" అని పిలిచింది. ఆయన లేచి, తెర వేసుకుని, కుర్చీలో కూర్చున్నారు.

"ఈ మాట ఒక్కసారి నలుగురి ముందు నా నోటితో చెప్పాలి సిస్టర్. మా ఊళ్ళో చెప్పే ధైర్యం లేకపోయింది. నువ్వు మీ భాషలో చెప్పు" అన్నారు.

అన్ని మధ్యాహ్నాలు ఆయన్ను తెర గురించి సతాయించినందుకు సిగ్గేసింది. తప్పకుండా చెప్తాను సార్ అని ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

అధ్యక్షుడికి చెబితే కంగారుపడ్డాడు. "పోలీసులు, గొడవలు... అయ్యన్నీ స్టేజీ మీద ఎందుకు మా? హాలు ఇచ్చినోడు చూస్తే మన సంఘం ఖలాస్. వీసాలు కూడా ఖలాస్. నాలుగు మంచి మాటలు చెప్పించు, చాలు."

కరామాలో ఒక హోటల్ పైహాల్లో ఆదివారం మధ్యాహ్నం సభ. ఫ్లెక్సీలో అధ్యక్షుడు నిలువెత్తున ఉన్నాడు, సార్ ఒక మూలన స్టాంపు బిళ్ళంత ఉన్నారు. సంఘం ఒక శాలువా కప్పింది, మహిళా విభాగం ఇంకొకటి కప్పింది, బిర్యానీ పంపిన హోటలాయన మరొకటి కప్పాడు. మెడలో గజమాల. సార్ తల ఒక్కటే బయటికి కనిపిస్తోంది. అధ్యక్షుడు మైకు పట్టుకుని "విద్యార్థుల పాలిట దేవుడు!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు.

"ఏమంటున్నాడు?" అని సార్ అడిగారు.

"మిమ్మల్ని పొగుడుతున్నాడు సార్."

"దేనికి?"

"ఊరికే, సార్."

ఆయన వంతు వచ్చింది. నా భుజం పట్టుకుని లేచి, శాలువాలు ఒక్కొక్కటే తీసి కుర్చీ మీద పెట్టి మాట్లాడారు. ఇంగ్లీషులో, చిన్న చిన్న మాటల్లో. కిటికీ, పిల్ల పిలుపు, తెర. ఏదీ దాచలేదు. "నన్ను గౌరవించకండి, నేను సిగ్గుపడుతున్నాను" అని ముగించి నా వైపు చూశారు. హాల్లో ఎక్కువమందికి ఆ ఇంగ్లీషు, ఆ యాస అందలేదు. అందిన ఒకరిద్దరు తల దించుకుని ఫోన్లు చూసుకున్నారు.

"యల్లా, తొందరగా చెప్పు మా" అని అధ్యక్షుడు వెనకనుంచి గొణిగాడు.

వీసా భయం ఉంది, కాదనను. కానీ అది సగమే. ముందు వరసలో మా గది ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని కూర్చున్నారు. ఇలాంటివాణ్ణా తెచ్చావు అంటారేమోనని నా మొహం ముందే మాడిపోయింది. మైకు తీసుకున్నాను.

"విద్యార్థులంటే సార్‌కు ప్రాణమట. మనందరినీ చూస్తుంటే సొంత పిల్లల్ని చూసినట్టుందట."

హాలు దద్దరిల్లింది. ముందు వరస లేచి నిలబడింది. వాళ్ళను చూసి వెనకవాళ్ళూ లేచారు. సార్ కళ్ళద్దాలు తీశారు. అంతమందిలో, ఆ పూలదండ పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మావాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తిరిగి వెళ్ళేటప్పుడు కారులో అడిగారు. "నేను చేసింది విన్నాక కూడా లేచి నిలబడ్డారు కదా సిస్టర్?"

"అవును సార్" అన్నాను. ఛీ, నా నోరు పడిపోతే బాగుండేది. కానీ ఆ మొహం చూసి కాదు అని ఎలా అనను? మీరే చెప్పండి.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే మంచం మీద ఎండ పడింది. ఆయన మా సంఘం శాలువా కప్పుకుని పడుకున్నారు. కూతురు వచ్చి నా పక్కన కూర్చుని, నాన్న ఇంత హాయిగా ఉండగా ఎన్నేళ్ళకు చూశానో, ఏం చేశారు మీవాళ్ళు అని నా చేతులు పట్టుకుంది. నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

ఆయన కళ్ళు తెరవకుండానే పిలిచారు. "సిస్టర్, ఎండగా ఉంది. ఆ తెర వెయ్యి."

లేచి వెళ్ళి వేశాను.