వంగిన పిన్నులు, దించిన కర్టెన్

కంప్యూటర్‌కి ప్రాసెసర్ మెదడు లాంటిదని మొదట ఎవరన్నారో గానీ, ఆ మాటను మరిది వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకోలేదు. కొట్టుకు రిపేరుకు వచ్చిన ప్రతి కంప్యూటర్ డబ్బా ముందూ పెద్ద డాక్టరులా చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒక నిట్టూర్పు విడిచి, "మెదడు పోయిందండీ" అనేవాడు. అవతలి మనిషి ముఖం పాలిపోయేది. ముఖం పాలిపోయిన మనిషి ఎదురు ప్రశ్న వేయడు. మరిదికి కావలసిందీ అదే.

కౌంటర్ వెనక ఒక కర్టెన్, ఆ కర్టెన్ వెనక ఒక బల్ల. పదిహేడేళ్లుగా ఆ బల్ల వదినది. నుదుటికి పట్టీతో కట్టుకునే జంట అద్దాల వల్ల వీధిలో అందరికీ ఆమె 'భూతద్దం'. ఎదురుపడితే మాత్రం "వదినగారూ" అనేవారు. పుట్టింట్లో తండ్రి రేడియోలు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని టంకం పెట్టడం నేర్చుకుంది. ఆ విద్యకు సర్టిఫికెట్ ఉండదు. మరిది డిప్లొమా మాత్రం అద్దం కట్టించుకుని కౌంటర్ పైన గోడకు వేలాడుతూ ఉంటుంది. వచ్చిన వాళ్లు దాన్ని చూసి డబ్బా ఇచ్చేవారు. డబ్బా కర్టెన్ లోపలికి వెళ్లి, బాగై, బయటికి వచ్చేది. పేరు డిప్లొమాకి వెళ్లేది.

ఈ ఏర్పాటు మీద వదినకు పెద్దగా పేచీ లేదు. 'మెదడు' అన్న మాట వినబడితే మాత్రం ఒళ్లు మండేది.

"మెదడేంటి మరిదీ? అది లెక్కలు కట్టే మనిషి. తొందరగా కడతాడు, కాదనను. కానీ ఆయనకి కరెంటు ఎవరివ్వాలి? లెక్కలు ఎవరు తెచ్చి ముందు పెట్టాలి? కట్టిన జవాబు స్క్రీన్ దాకా ఎవరు మోసుకెళ్లాలి? అంతా బోర్డే కదా. బోర్డు మీద లేకపోతే ఆయన అగ్గిపెట్టెంత పలక."

అలాగని బోర్డును నెత్తిన పెట్టుకునే రకమూ కాదు ఆమె. ఒకసారి ఒక స్కూలు మాస్టారు కౌంటర్ దగ్గర నిలబడి, మదర్‌బోర్డు అంటే తల్లి అనీ, అందరినీ మోస్తుందనీ, అన్నీ ఓర్చుకుంటుందనీ ఉపన్యాసం మొదలుపెట్టాడు. "ఓర్చుకోదండీ మాస్టారూ," అంది కర్టెన్ లోపలి నుంచి. "కాస్త కరెంటు ఎక్కువైతే పొగొస్తుంది." మాస్టారు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఒక రోజు పొద్దున పదకొండింటికి ఎంబ్రాయిడరీ ఆవిడ వచ్చింది. నాలుగు వీధుల అవతల ఆవిడకొక వర్క్‌షాపు, అందులో పన్నెండు సూదులతో పూలు కుట్టే పెద్ద మిషను. ఆ మిషను ఒక పాత కంప్యూటర్ చెప్పుచేతల్లో ఉండేది. అది చచ్చినట్టు పడి ఉంటే వారం కిందట కొట్టులో ఇచ్చి వెళ్లింది.

"ఏమయ్యా, ఏమైంది నా కంప్యూటరు?"

"మెదడు పోయిందండీ." నిట్టూర్పు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అంత దూరం వచ్చేది కాదు. మా వదిన ప్రాసెసర్ పీకుతూ దాని పిన్నులు వంచేసింది. ఇంట్లో మనిషి, ఏమంటాం చెప్పండి. కొత్తది తీసేసుకోండి, పీడా పోతుంది."

కర్టెన్ వెనక వదిన చేతిలో టంకం కడ్డీ ఆగిపోయింది.

ఆ డబ్బాను ఆమె ముట్టుకోనే లేదు. అది వచ్చిన రోజున ఆమె పన్ను పీకించుకుని, బుగ్గ వాచి, ఇంట్లో పడుకుంది. తిరిగొచ్చి అడిగితే మరిది "అది నేను చూస్తున్నాలే" అన్నాడు. అంటే ఇదన్నమాట చూడటం.

బయట ఎంబ్రాయిడరీ ఆవిడ గొంతు లేచింది. "కొత్తదాంట్లో నా మిషనుని నడిపే కార్డు పెట్టే సందే ఉండదయ్యా! పన్నెండు సూదుల మిషను ఎవరికివ్వను, పాత ఇనప కొట్టుకా? మీ వదిన చేతి పని మంచిదని పదిమందికి చెప్పాను. ఇంకెవరికీ చెప్పను."

ఆ ఆఖరి మాట వదినకు గుచ్చుకుంది. సర్టిఫికెట్ లేని మనిషికి ఆస్తి చేతి పని ఒక్కటే. ఆమె కడ్డీని స్టాండులో పెట్టి, అద్దాలు నుదుటి మీదే ఉంచుకుని, కర్టెన్ తోసుకుని బయటికి వచ్చింది.

"ఆ డబ్బా ఇటు పెట్టు మరిదీ."

"వదినా, కస్టమర్ ముందు..."

"కస్టమర్ ముందే నా పేరు చెప్పావుగా. కస్టమర్ ముందే విప్పుతాను."

గుమ్మం పక్కన కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు తల ఎత్తారు. కొట్టు పెట్టింది ఆయనే, గొడవలు సర్దేదీ ఆయనే. "పోనీలే అమ్మా. పెద్దదానివి. ఒక మాట పడితే ఏం పోయింది? కొట్టు పరువు కదా."

"పరువు కొట్టుదైతే మాట కూడా కొట్టునే పడమనండి మామయ్యా. నా చేతులెందుకు పడాలి?"

మామగారు పేపరు తిప్పారు గానీ చదవలేదు.

డబ్బాలో అడుగున అట్టముక్కలో చుట్టి దొరికింది అసలు సంగతి. ప్రాసెసర్ నెత్తి మీద దాని వేడిని లాగేసే కూలర్ ఉంటుంది. రెంటి మధ్యా తెల్లటి పేస్టు. ఏళ్లు గడిస్తే ఆ పేస్టు గట్టిపడి రెంటినీ అంటించేస్తుంది. అందుకే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టి, పేస్టు మెత్తబడ్డాక, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయాలి. మరిది చల్లగా ఉండగానే పట్టుకుని లాగాడు. కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా బోర్డు మీది గూటిలోంచి ఊడొచ్చింది. దాని అడుగున వందల కొద్దీ పిన్నులుంటాయి, వెంట్రుక కన్నా కాస్త లావు. ఒక మూలన పదకొండు వంగిపోయాయి.

వదిన ప్రాసెసర్‌ని ఎంబ్రాయిడరీ ఆవిడ ముందు పెట్టి, అంచున పేస్టును గోటితో గీకింది. సుద్దలా పెచ్చు ఊడింది. "వేడి తగిలుంటే ఇది జిగురులా సాగేదమ్మా. నేనైతే వేడి పెట్టకుండా తియ్యను." మరిది వైపు తిరిగింది. "నా పన్ను పీకిన డాక్టరు కూడా ముందు సూదిమందు ఇచ్చాడు నాయనా. నువ్వు దీనికి కాస్త వేడిగాలి కూడా చూపించలేదు."

ఎంబ్రాయిడరీ ఆవిడ వంగి పిన్నులు చూసింది. సూదులతో బతికే మనిషి, వంకర ఎలా వచ్చిందో ఇట్టే పోల్చుకుంది. "లాగాడు," అంది. అంతే.

మరిది డిప్లొమా వైపు చూశాడు. అది ఏమీ మాట్లాడలేదు.

"సరే, ఎవరు లాగితేనేం. మెదడు పోయినట్టేగా?" అన్నాడు చివరికి.

"అది తర్వాత. ముందు అసలు జబ్బు చూడు." వదిన బోర్డు బయటికి తీసి చూపుడువేలు పెట్టింది. ప్రాసెసర్ గూటి పక్కన చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్ల వరుస. దానికి వెళ్లే కరెంటును నిలకడగా ఉంచేవి అవే. అందులో రెండింటి నెత్తి పొంగి, కారి, గోధుమరంగు మరక కట్టింది. డబ్బా చావడానికి కారణం అది. ప్రాసెసర్‌ని పీకాల్సిన పనే లేదు.

గొట్టాలు మార్చడం ఆమెకు పావుగంట పని. పిన్నుల దగ్గరే ఊపిరి బిగబట్టింది. నొక్కితే సన్నటి ముల్లు బయటికొచ్చే పెన్సిల్ తీసి, ముల్లు తీసేసి, ఖాళీ మొనను ఒక్కొక్క పిన్నుకు తొడిగి నిటారుగా లేపింది. పది లేచాయి. పదకొండోది పూర్తిగా పడుకుని ఉంది. అది విరిగితే మరిది చెప్పిన అబద్ధం అక్కడికక్కడే నిజమవుతుంది. వదిన చేతిలోనే పోయిందని వీధి మొత్తానికి సాక్షి ఉంటుంది.

"వదినా, వదిలేయ్. ఇప్పటికి వదిలేస్తే గౌరవంగా ఉంటుంది," అన్నాడు మరిది. ఈసారి గొంతులో నిజంగానే భయం ఉంది.

"గౌరవం నువ్వు ఉంచుకో. దీపం ఇటు పట్టు."

అతను పట్టాడు. ఆమె ఒకేసారి లేపలేదు. కొంచెం లేపి ఆగింది, ఇంకొంచెం లేపి ఆగింది. నాలుగు విడతల్లో అది నిలబడింది. ప్రాసెసర్‌ని గూటి మీద ఉంచితే తన బరువుతోనే లోపలికి జారింది. కొత్త పేస్టు, కూలర్, వైర్లు. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది. ఒక్క కూత కూసి స్క్రీన్ వెలిగింది.

"అంటే మెదడు పోలేదా?" అంది ఎంబ్రాయిడరీ ఆవిడ.

"మెదడూ లేదు మెడకాయా లేదమ్మా. లెక్కలాయన నిక్షేపంలా ఉన్నాడు. ఆయనకి అన్నం పెట్టే పొయ్యి ఆరింది, అంతే. ఇంకోసారి ఎవరైనా మెదడు పోయిందంటే, పొయ్యి చూశారా అని అడగండి."

"అడగడానికి నువ్వు కనబడాలిగా," అంది ఆవిడ కర్టెన్ వైపు చూస్తూ.

ఆవిడ వెళ్లాక వదిన కుర్చీ ఎక్కి కర్టెన్ కడ్డీ ఊడదీసింది.

"బల్ల మీద వీధి దుమ్మంతా పడుతుందమ్మా," అన్నారు మామగారు.

"పడనివ్వండి. తుడవడానికి గుడ్డ ఉందిగా."

కత్తెర తీసి కర్టెన్‌ని చేతిరుమాళ్లంత ముక్కలుగా కత్తిరించింది. ఒక ముక్క మరిది మీదికి విసిరి, హెయిర్ డ్రయ్యర్ అతని ముందుకు తోసింది. షెల్ఫులో ఇంకో పాత డబ్బా వరుసలో ఉంది.

"ముందు వెచ్చబెట్టు," అంది.