ఫ్లాష్ వేయని కన్యాదానం

2017 ఎండాకాలం, కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు, ఫోటోలు తీసేది నేను. వీడియో లైట్లు ఎంత మండుతున్నాయంటే, వాటి కింద పచ్చి పసుపు కొమ్ములు పరిస్తే మధ్యాహ్నానికల్లా మార్కెట్‌కు తోలొచ్చు. పెళ్లికూతురి తండ్రి శంకరయ్య, సిరిసిల్లలో తాను నడిపే మరమగ్గాలు ఆగిపోయాక గల్ఫ్‌కు పోయాడు. బిడ్డ పెళ్లికి సెలవు అడిగితే అక్కడి యజమాని పాస్‌పోర్టు ఇవ్వనన్నాడట. మనిషిని పనికి పెట్టుకున్నాననుకోలేదు, ఒంటెను కొన్నాననుకున్నాడు.

అందుకే పీటల మీద మేనమామ దంపతులు కూర్చున్నారు. పక్కన శంకరయ్య భార్య లక్ష్మి ఫోన్ పట్టుకుని నిలబడింది. వీడియో కాల్‌లో శంకరయ్య.

"గంట సంది ఫ్యాన్ పెండ్లే చూస్తున్ననే. జర కిందికి వంచు," అన్నాడు ఫోన్‌లోంచి.

పెళ్లికొడుకు కాళ్లు కడుగుతుండగా ఒక ఫోటో తీసి చూసుకున్నాను. అందరూ వెలిగిపోతున్నారు, ఫోన్ మాత్రం నల్లటి పలక. ఫ్లాష్‌కు తగ్గట్టు కెమెరా పెడితే ఫోన్ తెర వెలుగు అందులో ఆనదు.

లక్ష్మి తొంగి చూసింది. "అన్నా, ఆయనేడి? తండ్రి లేని పెండ్లంటరు గద."

ఫ్లాష్ ఆపేశాను, వీడియో లైట్లు ఆర్పించాను. ఐఎస్‌ఓ అంటే సెన్సర్‌కు ఉండే వెలుతురు దాహం. దాన్ని 3200కు పెంచాను. షట్టర్, అంటే కెమెరా రెప్ప తెరిచి ఉండే సమయం, సెకనులో అరవయ్యో వంతు దాకా సాగదీశాను. ఇక ఎవరూ కదలకూడదు.

అప్పుడు లేచాడు పెళ్లికొడుకు బావ. ఆయన మెడగొలుసుతో ఎద్దును కట్టేయొచ్చు.

"లైట్లు బంద్ జేసినవేంది? మా బామ్మర్ది నల్లగొస్తడు."

"మీ బామ్మర్దికి ఇంక వెయ్యి ఫోటోలున్నయి సారూ. ఫోన్ల ఉన్నాయనకు గిదొక్కటే."

"గా ఫోన్ కోసం మేం చీకట్ల కూసోవాల్నా?"

"కూసోండ్రి. ఆయన ఎన్నేండ్ల సందో ఎండల ఉన్నడు."

నోరు జారిందంటారా? జారలేదు, నేనే వదిలాను. బావ స్విచ్ బోర్డు వైపు నడిచాడు. అప్పటిదాకా వంచిన తల ఎత్తింది పెళ్లికూతురు.

"లైట్లు బందే ఉండనియ్యి, అన్నా," అని ఆయనను ఆపి, ఫోన్ వైపు తిరిగింది. "బాపు, జర కదలకు."

శంకరయ్య ఊపిరి బిగబట్టాడు. చెంప మీది తడి కూడా తుడుచుకోలేదు.

ఫోటో గరుకుగా, రవ్వ చల్లినట్టు వచ్చింది. బావ దాన్ని ఈనాటికీ చీకటి ఫోటో అంటాడు, అననీ. అందులో తండ్రి ఉన్నాడు. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా, కెమెరా సంచి విప్పకముందే అడుగుతున్నాను, "ఫోన్ల కూసునేది ఎవరు?" అని. రాయికల్‌లోగానీ, మేడిపల్లిలోగానీ, "ఎవరు లేరన్నా" అన్న ఇల్లు నాకింకా తగల్లేదు.