నడుముకు చుట్టిన తువ్వాలు

2023లో, ఈస్టర్‌కు ముందు. విజయవాడ వన్ టౌన్‌లో నేనూ రవీ కలిసి నడిపే చెక్కపని షాపులో అప్పటికి ఒకటే సీఎన్‌సీ రౌటర్. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను తిరిగే కట్టర్‌తో చెక్కలోకి దించే యంత్రం అది. హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊరి చర్చి నుంచి ఆర్డరు వచ్చింది: యేసు తన శిష్యుల కాళ్లు కడిగే దృశ్యం, టేకు పలక మీద. పవిత్ర గురువారం నాటికి పీఠం వెనుక బిగించాలి.

రవిది మంగళగిరి, మగ్గాల ఇల్లు. యేసు బొమ్మ గీయడం వాడికదే మొదటిసారి. నేను ఆ కథ ఏటా వింటూ పెరిగినవాణ్ణి. పలక తన కొడుకే చేస్తున్నాడని మా అమ్మ అప్పటికే చర్చి అంతా చెప్పేసింది. ఫాదర్ గారేమో చెరొక డిజైన్ తెమ్మన్నారు.

నా మోడల్‌లో కొలతలు, తల చుట్టూ వెలుగు, అంగీ మడతలు అన్నీ కుదిరాయి. రవి గీసిన యేసుకు అసలు అంగీయే లేదు. నడుముకు తువ్వాలు చుట్టుకుని, దాని కొసతో పేతురు మడమ తుడుస్తున్నాడు.

చర్చి పెద్ద జోజి గారు నా బొమ్మ మీద వేలు పెట్టారు. “ఇంత పొడుగు చేతుల అంగీతో నీళ్లలో చెయ్యి పెడితే తడవదా బాబూ?”

“పైవస్త్రం తీసి పక్కన పెట్టాడనే కదయ్యా సువార్తలో ఉంది,” అన్నారు ఫాదర్ గారు. రవి డిజైనే ఖాయమైంది.

బయటికొచ్చాక అడిగాను. “నీకెట్లా తెలుసురా?”

“నాకేం తెలుసు? మా నాన్న నూలుకు రంగేసే తొట్టి దగ్గర ఎట్లా కట్టుకుంటాడో అట్లా గీశా.”

వాడి బొమ్మ దించే మెషీన్ దగ్గర నిలబడింది మాత్రం నేనే. టేకులో ఎక్కడైనా ముడి తగిలి పలక పగిలితే బాగుండునని కూడా అనిపించింది. పగల్లేదు.

గురువారం పలక బిగించి, ప్రార్థనకు ఆగాం. ఏటా ఆ ప్రార్థనలో, యేసు చేసినట్టే, ఫాదర్ గారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. వాళ్లంతా ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని వస్తారు. ఆరోజు ఒకరికి జ్వరం. ఖాళీ కుర్చీలోకి ఫాదర్ గారు రవిని పిలిచారు.

“నేను హిందువునండీ. పైగా కాళ్లనిండా రంపం పొట్టు.”

“అయితే ఇవాళైనా కడగాల్సిన కాళ్లు దొరికాయి. కూర్చో నాయనా.”

ఆ కుర్చీలోకి నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు. అదే మంటలో ఉండగా, చివరిదైన రవి కుర్చీ దగ్గర ఫాదర్ గారి మోకాలు పట్టేసింది. పళ్లెం, తువ్వాలు నా వైపు జరిపారు.

ఊరందరి ముందు, అమ్మ ముందు, రవి కాళ్ల దగ్గర మోకరించాను. పొడుగు చేతుల ఇస్త్రీ చొక్కా, మణికట్టు దగ్గర గుండీలు. పాదం పట్టుకోబోతే చొక్కా చేతులు రెండూ నీళ్లలో మునిగాయి.

“తడిసిందా బాబూ?” వెనక నుంచి జోజి గారు.

రవి నవ్వలేదు. వంగి, నా చొక్కా చేతులు మోచేతిదాకా మడిచాడు. నవ్వి ఉంటే బాగుండేది.

అసూయ పోయిందని చెప్పను. ఇప్పుడు అలాంటి ఆర్డరు వస్తే కంప్యూటర్ తెరవకముందే, ఆ పని ఒంటితో చేసి చూడ్డానికి, చొక్కా చేతులు మడిచి షాపు నేల మీద మోకరిస్తాను. రవి స్టూలెక్కి కూర్చుని కాలు చాపుతాడు. ఆ పని వాడికి మరీ ఇష్టం.