సంతకానికి ముందు నలభై రెండు పేజీలు

పాస్టరుగారి అత్తగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. అక్షరం ఉన్న ఏ కాగితాన్నయినా మొదటి నుంచి చివరిదాకా, అదీ గొంతెత్తి, చదవందే వదిలేవారు కాదు.

ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన ప్రాణం. రిటైరై కూతురింటికి చేరాక దిద్దడానికి ప్రూఫులు లేక దొరికిందల్లా చదివేవారు. పాస్టరుగారు దగ్గుమందు అందుకోబోతే, డబ్బాలోని కాగితం విప్పి "వాంతులు, వికారం, దద్దుర్లు, అరుదుగా..." అని మొదలుపెట్టేవారు. అరుదుగా ఏమవుతుందో వినేలోపే అల్లుడి దగ్గు భయంతో ఆగిపోయేది. మీటరు మార్చినట్టు సంతకం పెట్టమన్న కరెంటు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం వెనకవైపు కూడా చదివి, రెండు తప్పులు దిద్ది ఇచ్చారు. ఆ తరవాత అతను ఆ వీధికి రావడమే మానేశాడు.

"అత్తయ్యా, లోకంలో అందరూ చదివే సంతకాలు పెడుతున్నారా?"

"పెట్టడం లేదు గనకే కదా అల్లుడుగారూ, లోకం ఇలా తగలడింది!"

అలాంటి మనిషి ఇంట్లో ఉండగా అద్దె గదుల చట్టం వచ్చిపడింది.

వాళ్ళ సంఘం కూడేది అద్దె హాల్లో. అంచేత ఇది మందిరానికి తాళం వేయడానికే తెచ్చిన చట్టమని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు గానీ అందరూ విన్నారు. సంఘ కార్యదర్శి మూడు పేజీల అర్జీ రాసి, ఊరేగింపుగా వెళ్దామన్నాడు. అధికారులకు లోబడమని వాక్యం చెబుతోంటే ఊరేగింపేమిటని రిటైర్డు హెడ్మాస్టరు గుడ్లురిమాడు. ఇద్దరూ ఒకే వరసలో కూర్చోవడం మానేశారు. మధ్యలో పాస్టరుగారి పని అడకత్తెరలో పోకచెక్క.

హెడ్మాస్టరు పక్షం పోగా అర్జీ మీద నూట పన్నెండు సంతకాలు పడ్డాయి. పాస్టరుగారి ఇంట్లో మాత్రం ఒకటి పడలేదు.

"చట్టం చదివారా?" అని అడిగారు అత్తగారు.

"అర్జీ చదివాను."

"అర్జీ రాసిన కార్యదర్శిగారు చట్టం చదివారా?"

"ఆయనకు తెలిసినవాళ్ళు చెప్పారట."

"వాళ్ళు చదివారా?"

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థించారు. సహనం కోసం.

అత్తగారు ఎక్కడినుంచో నలభై రెండు పేజీల చట్టం సంపాదించారు. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే కళ్ళజోడూ చట్టమూ సంచిలో వేసుకుని, "ఇంట్లో గాలాడదు" అంటూ వెళ్ళిపోయేవారు. రెండు రోజులకు పదమూడో పేజీకి వచ్చారు. వారం గడిచింది. అదే పదమూడో పేజీ!

"బైబిలు ఏడాదికి రెండుసార్లు చదివేస్తారే! దీనికింత సేపా అత్తయ్యా?"

"అది దేవుడు రాయించాడు, అర్థమవుతుంది. ఇది ఆఫీసువాళ్ళు రాశారు."

"పోనీ, ఇంతవరకూ ఏముందో చెప్పండి."

"సగం చదివి చెబితే సగం అబద్ధమవుతుంది."

ఇంతలో కార్యదర్శి ఫోను. "ఇంట గెలవలేనివారు రచ్చ గెలుస్తారా పాస్టరుగారూ?"

పదకొండో రోజున ఓపిక చచ్చి, పాస్టరుగారు ఆవిడ వెనకే బయల్దేరారు. రెండు వీధులు దాటి, లాండ్రీ పక్క సందులోకి తిరిగారు. వెనకాల వరసగా ఇరుకు గదులు. వరండాలో బోర్లించిన బకెట్టు మీద అత్తగారు. చుట్టూ పాతికమంది.

"పదిహేడో సెక్షను. అర్థమైందా?"

"ఇంకోసారి చదవండమ్మా," అంది ఆస్పత్రిలో నేల తుడిచే మనిషి.

ఆవిడ మళ్ళీ మొదటినుంచి చదివారు. విసుగన్నది లేదు.

ఇస్త్రీ చేసే అతను పాస్టరుగారికి చోటిచ్చాడు. "మాకు చదువు రాదు సార్. కాగితాలు లేనివాళ్ళను నెలాఖరుకు గదులు ఖాళీ చేయించాలని ఇందులో ఉందట. పదమూడో పేజీలో ఆ మాట వినగానే మావాళ్ళు ఏడుపు మొదలెట్టారు. ఒక్కొక్కరి సంగతీ అడిగి రాసుకునేసరికి అమ్మగారికి అన్ని రోజులు పట్టింది."

"మరి మందిరం?" అని అడిగారు పాస్టరుగారు.

"చివరిదాకా చదివాను, ఆ మాట ఒక్కచోటా లేదు," అన్నారు అత్తగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "ముప్ఫై ఒకటో పేజీ చదవండి. గట్టిగా."

చదివారు. స్థిరనివాసి ఎవరైనా 'ఈ మనిషిని నేనెరుగుదును' అని పూచీ రాసిస్తే ఆరు నెలల గడువు. ఒక్కరు ముగ్గురికే ఇవ్వవచ్చు.

"నా ముగ్గురూ అయిపోయారు. ఇంకా ఇరవై ఇద్దరున్నారు. మీ దగ్గర సంతకాలకు సిద్ధంగా నూట పన్నెండుమంది ఉన్నారన్నారుగా?"

ఊరేగింపు ఆగిపోయింది. ఆదివారం ఆరాధన కాగానే హాల్లో బల్ల వేశారు. అయితే అత్తగారు ఎవరికీ వెంటనే కలం ఇవ్వలేదు. "ఎరుగుదును అని రాసేముందు ఎరగాలి కదా? వెళ్ళి కాసేపు మాట్లాడి రండి." అందరూ తిట్టుకుంటూనే లాండ్రీ సందుకు వెళ్ళారు. గంటలో వస్తామన్నవాళ్ళు సాయంత్రానికి గానీ రాలేదు. కొత్త అర్జీ ఒక్క పేజీలోకి వచ్చింది. ఆ గడువును ఏడాది చేయమని అడిగారంతే. అబద్ధం తీసేస్తే అంతే మిగిలింది.

కార్యదర్శీ హెడ్మాస్టరూ బల్లకు చెరోవైపు కూర్చుని చెరో ముగ్గురికి పూచీ రాశారు.

"చూశారా? అన్యాయాన్ని ఎదిరించడమంటే ఇదీ!" అన్నాడు కార్యదర్శి.

"ఎదిరించడమేమిటయ్యా? చట్టం చెప్పినట్టు చేస్తున్నాం. లోబడటమంటే ఇదీ!" అన్నాడు హెడ్మాస్టరు.

పాస్టరుగారు తల పట్టుకున్నారు. "వీళ్ళిద్దరిలో ఎవరిది రైటంటారు అత్తయ్యా?"

"అది తరవాత తేల్చుకుందాం. ముందు ఇద్దరినీ సంతకం కింద తేదీ వేయమనండి," అన్నారు అత్తగారు.