ఖాళీ గది లెక్క

రేడియేషన్ కొలిచే కౌంటరు టక్కుమందంటే చాలు, నా చెయ్యి దానంతటది పొట్ట మీదికి పోతుంది. ఇవాళా అంతే. కుప్పం కాలేజీ ల్యాబులో పిల్లలు మిషను ఆన్ చేయగానే ఎర్ర అంకెలు కదిలాయి. నాకు మాత్రం బొరుగుల వాసన వచ్చింది, సుగుణమ్మ మేడం గుర్తొచ్చారు.

మేడంది పుంగనూరు. మదనపల్లె కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నేను ఆమె దగ్గర ల్యాబు పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరాను. రేడియేషన్ పేరు వింటేనే ఒళ్ళు జల్లుమనేది, అప్పుడు నాకు నాలుగో నెల మరి. మొదటిరోజు ఆమె సీసపు పెట్టె మూత తీయకుండానే డిటెక్టరు ఆన్ చేశారు. కిరణం తగిలినప్పుడల్లా అది ఒక పల్స్ పంపుతుంది, కౌంటరు వాటిని కూడుతుంది.

“ముందు ఖాళీ గదిని లెక్కపెట్టమ్మా. ఏమీ లేకపోయినా గోడల్లోంచి, గాల్లోంచి కొంచెం వస్తానే ఉంటాది. అది తెలీకుండా దేనికి భయపడాలో ఎట్ల తెలుస్తాది?” అన్నారు.

ఆయుధ పూజకు మా ల్యాబులో ప్రతి మిషనుకూ బొట్టు పెడతారు. ఆ ఏడాది పూజ అయ్యాక, సాయంత్రం పెట్టె తాళం వేయబోతూ మేడం మూత తీసి చూశారు. లోపల చొక్కా గుండీ అంత రేడియేషన్ బిళ్ళ ఉండాలి. అది లేదు.

“మునెప్పా, బిళ్ళ యాడ?” అని అటెండరును అడిగారు.

“పూజలో పెట్టినా గదమ్మా. దానికొక్కదానికి బొట్టు పెట్టకుంటే ఎట్లా?”

పూజ పళ్ళెంలోని పూలూ బొరుగులూ అప్పటికే పొట్లాలై అందరికీ చేరాయి. నా పొట్లం ఒళ్ళోని సంచిలో ఉంది. మేడం తొందరపడలేదు, ముందు ఖాళీ మూలను లెక్కపెట్టారు. ఓరి దేవుడా, ఇప్పుడా అది! తర్వాత ఒక్కో పొట్లం. నా సంచి దగ్గరికి రాగానే టక్‌టక్‌లన్నీ కలిసిపోయాయి.

“సంచి ఆడ పెట్టి బయటికి పోమ్మా,” అన్నారు.

బిళ్ళను పట్టకారుతో పెట్టెలో వేసి, నన్ను పిలిచి పొట్ట దగ్గర డిటెక్టరు పెట్టారు. ఖాళీ గది లెక్కే వచ్చింది.

“అంటే ఏమీ కాలేదా మేడం?”

“నీమీద ఏమీ అంటుకోలేదని మాత్రమే ఇది చెప్తాది. బిళ్ళ బలం తక్కువ, ఉన్నిందీ కొంచెంసేపే. ఏమీ కాదనే నా నమ్మకం. డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను.”

డాక్టరమ్మా అదే అంది. అయినా కాన్పు దాకా కంటి మీద కునుకు లేదు. అబద్ధమైనా ‘ఏమీ కాలేదు’ అని ఉంటే ఈవిడ సొమ్మేం పోయేది అని తిట్టుకున్నాను.

పాప పుట్టిన రోజు మేడం పుంగనూరు బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చారు. పలకరించను కూడా లేదు. గుడ్డ తొలగించి పాప వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కపెట్టారు. అన్ని నెలలూ ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను.

“ఇంకోసారి లెక్కపెడతానమ్మా,” అన్నారు.

మేడం ఇప్పుడు లేరు. పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. జ్వరమని ఫోన్ చేస్తే నా గుండె ఇప్పటికీ ఆగినంత పనవుతుంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు, అది నిద్రపోయాక, వేళ్ళు లెక్కపెట్టి వస్తాను.